బస్సుల దగ్గర అక్క హోటలు

1954 ఏప్రిల్ 11, ఆదివారం. ఉదయగిరి, మా ఇల్లు. మధ్యాహ్నం భోజనాల వేళ.

ఉన్నవాళ్ళు: నాయన. నాయన తల్లి, మా అవ్వ. అక్క. నా భార్య. నేను. మర్రిపాడు నుంచి వచ్చిన పెద్ద బావ, అంటే చనిపోయిన మా బావకు అన్న.

తిన్నవి: జొన్న సంకటి, ఉలవ కట్టు, వంకాయ పచ్చడి, మజ్జిగ. వంట అక్కది.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ముందు ఎవరున్నారో, తరువాత ఏం తిన్నామో, ఆ తరువాత ఏం జరిగిందో రాస్తాను. ఇప్పటికీ అదే వరుస. అప్పట్లో నేను ఉదయగిరి తాలూకా ఆఫీసులో గుమాస్తాను. ఆ ఆదివారం పెద్ద బావ సంకటి ముద్ద రెండోసారి పెట్టించుకున్నాడు. ఉలవ కట్టు గుంటలో పోయించుకుని, చివరి దాకా తిని, వేళ్ళు నాకి, "మా ఇంట్లో ఇట్టాంటి కట్టు తిని మూడేండ్లవతా ఉండాది" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ మాటకు అక్క మళ్ళీ వడ్డించడం మరిచిపోయి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఉగాది గడువు దాటిపోయింది. ఆయన అక్కను తీసుకుపోవడానికి వచ్చాడు.

ఆ గడువు సంగతి చెప్పాలి.

బావ 1950లో విషజ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. అక్క కొంతకాలం అత్తగారింట్లోనే ఉంది. అక్కడ వంట చేసేది అక్క, ఉప్పు జాడీ మాత్రం పెద్ద బావ భార్య అయిన తోడికోడలి గదిలో ఉండేది. పూటపూటకూ ఆమె గదిలోకి పోయి చారెడు ఉప్పు తెచ్చి అక్క చేతిలో పోసేది. "సగం ఉప్పుతో వండేదాన్ని రా. కూర చప్పగుండాదని మళ్ళీ నేనే తిట్లు తినేదాన్ని" అని అక్క నవ్వుతూ చెప్పేది. ఆ ఇంటి గురించి అంతకంటే ఎక్కువ ఎప్పుడూ చెప్పలేదు. నాయనకు జబ్బు చేసిందని చూడటానికి వచ్చి, ఆయన లేచి తిరుగుతున్నా తిరిగి పోలేదు.

మర్రిపాడు వాళ్ళు రెండుసార్లు మనిషిని పంపారు. మూడోసారి, 1953 దసరాకు ముందు, పెద్ద బావే వచ్చాడు. మా ఇంటి మనిషి మా ఇంట్లో ఉండాలన్నాడు. అక్క నడవలోకి వచ్చి నిలబడి, "నా కూడు నేను సంపాదించుకుంటాను" అంది. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ అంతకు ముందు అనని మాట అది. నాయన ఇద్దరి మధ్యా నలిగి, చివరికి ఉగాది దాకా చూద్దామన్నాడు. ఆ లోపల అక్క తన కాళ్ళ మీద తాను నిలబడితే సరి, లేకపోతే మర్రిపాడుకు పోవాలి. పెద్ద బావ ఒప్పుకున్నాడు. నాయన మాటిచ్చాడు.

కూడు సంపాదించుకునే దారి అక్కకు అంతకు ముందే ఆత్మకూరు హోటల్లో కనిపించింది.

ఆత్మకూరు హోటలు నాకు 1948 నుంచి తెలుసు. అప్పుడు మా బస్సు బొగ్గుతో నడిచేది. వెనక పొయ్యి రాజుకునే దాకా మనుషులు దిగి చుట్టలు కాల్చుకుంటూ నిలబడేవాళ్ళు. ఆఫీసు కాగితాల సంచీతో మొదటిసారి ఆత్మకూరులో దిగినప్పుడు నా మొహం మీద అంతా మసి. బస్సు ఆగేచోటికి ఎదురుగా ఇత్తడి బాయిలరు పెట్టిన హోటలు ఉంది. అక్కడ తాగిన కాఫీ నా జీవితంలో మొదటి హోటలు కాఫీ. మా ఇంట్లో పొద్దున్నే తాగేది గంజి, లేకపోతే రాగి అంబలి. ఒక పానీయం కడుపు నింపకపోయినా మనిషిని నిటారుగా కూర్చోబెడుతుందని నాకు ఆ రోజు తెలిసింది. ఆ తరువాత ఏ ఊరికి క్యాంపు పడినా ముందు ఆ ఊళ్ళో ఏం దొరుకుతుందో కనుక్కునేవాణ్ణి.

అక్కను ఆ హోటలుకు తీసుకుపోయింది 1953 వేసవిలో. అక్క పన్ను నొప్పితో నాలుగు రోజులు నిద్రపోలేదు. ఆత్మకూరు ఆస్పత్రిలో పన్ను పీకించాను. నమలడానికి లేదు, ఆకలి వేస్తున్నది. హోటల్లో ఆడవాళ్ళ కోసం ఒక మూలకు తెర కట్టి ఉండేది. తెర వెనక కూర్చోబెట్టి ఇడ్లీలు తెప్పించాను. మా వైపు పల్లెల్లో ఇడ్లీ పండగల్లో కూడా చేసేవాళ్ళు కాదు. అక్క ఒక తునక తుంచి, వేళ్ళతో నలిపి, వాసన చూసి, పన్ను లేని వైపు కాకుండా రెండోవైపు పెట్టుకుంది.

"రేయ్, ఇది పిండి గాదురా, నురగ."

"తిను. చల్లారితే బాగుండదు."

"మినపప్పు యేరే రుబ్బినారు. బియ్యం రవ్వగా పట్టినారు. మెంతులు కూడా పడినాయి." ఇంకో తునక నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "వాపు దవడతో తింటానే ఇంత బాగుండాదే, మంచి పండ్లుంటే ఇంకెట్టుండును!"

కాఫీ తాగి మాత్రం మొహం చిట్లించి, "పన్ను పీకినాయన ఇచ్చిన మందే దీనికంటే మేలు" అంది. గ్లాసు కింద పెట్టింది. కొంచెం సేపయ్యాక మళ్ళీ తీసుకుంది. తెర అవతల సర్వరు బల్ల తుడుస్తుంటే, ఇంకొకటి తెమ్మని చెప్పమంది. ఆ రోజు డైరీలో, "అక్క నవ్వింది, పన్ను పోయినా" అని రాసుకున్నాను.

ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి రుబ్బురోలు వదల్లేదు. మొదటి వాయి రాళ్ళలా వచ్చింది. అవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని, "దీంతో కాకుల్ని కొట్టొచ్చే" అంది. రెండో వారానికి అవ్వే ముందు కూర్చునేది.

హోటలు పెట్టవచ్చుననే ధైర్యం ఇచ్చింది ఆత్మకూరు పూటకూళ్ళమ్మ. కచేరీ వెనక సందులో ఆమె ఇల్లు. అరవై దాటిన మనిషి, చిన్నతనంలోనే భర్త పోయాడు. కేసుల మీద వచ్చినవాళ్ళు, సంత మీద వచ్చినవాళ్ళు వరసగా ఆకుల ముందు కూర్చుంటే, ఆమె నెయ్యి గిన్నె పట్టుకుని అందర్నీ తిడుతూ తిరిగేది. మేం పోయిన రోజు ఒక లావుపాటి ఆసామి పప్పు మళ్ళీ అడిగాడు. "తినరా, తిను. ఇంటికి పోతే నీ పెండ్లాం ఇంత పెట్టదు. పెడితే నువ్వు ఇంత దూరం వచ్చి కేసులేస్తావా?" అంది. పంక్తి అంతా నవ్వింది, ఆసామి కూడా నవ్వాడు. ఆ రోజు తిన్న దోసకాయ పప్పు, చింతచిగురు పొడి, ఊరమిరపకాయలు నాకు ఈ రోజుకీ గుర్తున్నాయి. అంత మంచి భోజనం నేను మద్రాసులో కూడా తినలేదు.

పంక్తి లేచాక అక్క ఆమె పక్కన కూర్చుని, "మగదిక్కు లేకుండా ఎట్ట నెట్టుకొచ్చినావమ్మా?" అని అడిగింది.

"ఆకలైనోడు నీ మొకం చూడడమ్మా, ఆకు చూస్తాడు. ఆకు నిండుగా ఉంచు, అంతే."

తిరుగు ప్రయాణంలో బస్సులో అక్క ఆ మాటే రెండు మూడు సార్లు అనుకుంది.

దసరా వెళ్ళాక ఉదయగిరిలో బస్సులు ఆగేచోట చిన్న బోదగడ్డి కొట్టం వేశాం. స్థలం అక్కే ఎంచుకుంది. మేమందరం తల ఊపాం. ఎందుకంటే మా ఊళ్ళో మధ్యాహ్నం భోజనానికి గిరాకీ లేదు. పని మీద వచ్చినవాడు ఎవరో ఒక చుట్టం ఇంట్లో తింటాడు. తెల్లవారు బస్సులకు మాత్రం వరికుంటపాడు వైపు పల్లెల నుంచి కోడికూతకు ముందే లేచి, బండ్లలోనూ నడిచీ వస్తారు. ఖాళీ కడుపులతో వస్తారు. అక్కడ అప్పటికి ఒక్క టీ కొట్టు ఉంది. దానిలో నీళ్ళ టీ, బొరుగులు, ఎప్పటివో తెలియని బన్నులు. ఆకలి ఉన్నచోట వేడి ఇడ్లీ పెడుతున్నాం, ఇంకేం కావాలి అనుకున్నాం.

మొదటి రోజు తెల్లవారుజామున ఆవిరి కక్కుతున్న పళ్ళెం దించితే, ఆ వాసనకు టీ కొట్టు దగ్గర నిలబడిన వాళ్ళు కూడా తలలు తిప్పారు. తిప్పిన తలలు మళ్ళీ అటు తిరిగాయి. ఇద్దరు ముగ్గురు కొట్టం దాకా వచ్చి, లోపల పొయ్యి ముందు కూర్చున్న అక్కను చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి మళ్ళారు. బస్సులు పోయాయి. ఇడ్లీలు మేం తిన్నాం, పక్కింటివాళ్ళు తిన్నారు, మిగిలినవి ఆఫీసుకు తీసుకుపోతే బంట్రోతులు తిని బ్రహ్మాండమన్నారు.

వారం రోజులు అంతే. తప్పు తిండిలో ఉందనుకున్నాం.

నేను పద్ధతి ప్రకారం పోయే మనిషిని. ఒక్కొక్కటీ మార్చి చూద్దామన్నాను. సాంబారు పులుపు ఎక్కువైందేమోనని తగ్గించాం. మెట్ట మనుషులకు ఇడ్లీ కొత్త అని, సజ్జ రొట్టెలు, వాటిలోకి శనక్కాయలు నూరిన పచ్చడి, మా ఊరిబిండి, చేశాం. పెసరట్టు పోశాం. అల్లం ఎక్కువ వేశాం, తక్కువ వేశాం. కాఫీ పొడి నెల్లూరు నుంచి తెప్పించాం. కాఫీ చేదని జనం భయపడుతున్నారేమో, టీ నేర్చుకుందామని అక్క అంది. ఒక గురువారం అనుమసముద్రంపేట పోయాం. దర్గాకు వచ్చినవాళ్ళతో చిన్న చిన్న దుకాణాలు కిటకిటలాడుతున్నాయి. ఒక ముసలి సాయిబు కొట్లో తాగిన చాయ్ నా నాలుక మీద సాయంత్రం దాకా ఉంది. చిక్కగా, యాలకుల వాసనతో, చివరి గుక్కలో చిన్న వగరు. అక్క సిగ్గు విడిచి ఎలా కాస్తారని అడిగింది.

"ఆకు ముందు నీళ్ళలో బాగా ఉడకాల తల్లీ. పాలు తర్వాత. తొందరపడితే రంగొస్తాది, రుచి రాదు" అన్నాడు సాయిబు. "హోటలు పెట్టినావా? ఎక్కడ?"

"ఉదయగిరిలో, బస్సుల కాడ."

"మంచి జాగా" అన్నాడాయన.

టీ కూడా చేశాం. ఉదయం మార్పు లేదు. సాయంత్రం మాత్రం వేరుగా ఉండేది. బస్సు దిగినవాళ్ళలో కొందరు వచ్చి ఇడ్లీ తిని, టీ తాగి, మెచ్చుకుని పోయేవాళ్ళు. కొందరే. దిగినవాడికి ఇంటి ధ్యాస, బండ్లు కట్టి సిద్ధంగా ఉండేవి. వరికుంటపాడు శనక్కాయల వ్యాపారి ఒకాయన సాయంత్రం దిగితే తప్పకుండా వచ్చేవాడు. ఊరిబిండి అడిగి మరీ వేయించుకునేవాడు. "ఏమ్మా, మా ఇంటిదానికి కొంచెం నేర్పరాదా? ఆమె చేసేది గోడకు మెత్తుకోను పనికొస్తాది" అనేవాడు. అదే మనిషి తెల్లారి బస్సెక్కడానికి వస్తే, మా కొట్టం ముందు నుంచి పోతూ దుర్గం కొండ వైపు మొహం తిప్పుకుని పోయేవాడు. పలకరిస్తే పలికేవాడు కాదు. సాయంత్రం నచ్చిన రుచి పొద్దున ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాలేదు. ఊరిబిండి పొద్దున పూట వేడి చేస్తుందేమో, కొబ్బరి పచ్చడి చేసి చూద్దామని రాసుకున్నాను.

చివరికి చలికాలంలో ఒక సాయంత్రం ఆత్మకూరు బస్సు కండక్టరు చెప్పాడు. రోజూ దిగగానే మా దగ్గర తినేవాడు. ఆ రోజు ఎవరూ లేరు. అక్క వెనక పెనం గీకుతున్నది.

"అయ్యా, చెప్తే కోపం తెచ్చుకోబాకండి" అన్నాడు నాతో. "మూడు నెలల్నుంచి మీరు ఆ సాంబారునీ చట్నీనీ మారస్తా ఉంటే నాకే కడుపు తరుక్కుపోతా ఉండాది. ఆ యమ్మ చేతిది అమృతమయ్యా. సాయంత్రం నేను తినడంలా?"

"మరి పొద్దున?"

"పొద్దున బయల్దేరతారు గదయ్యా జనం."

"బయల్దేరితే?"

కండక్టరు నా వైపు చూడకుండా గ్లాసు అడుగున మిగిలిన టీ వైపు చూస్తూ చెప్పాడు. "బోణీ ఆ యమ్మ చేత్తో తీసుకొని బస్సెక్కేదెట్ట? ఒకడు కోర్టుకి పోతాడు, ఒకడు సంబంధం చూసుకోను పోతాడు, ఒకడు సరుకు తోలతాడు. మా డ్రైవరు సంగతి చెప్తే నవ్వుతారు. బండి ఎక్కే ముందు ఈ పక్కకి చూడకుండా తలకి గుడ్డ కట్టుకుంటాడు. మళ్ళీ సాయంత్రం నాతో చెప్పి ఇడ్లీలు తెప్పించుకుంటాడు."

అంతా విన్నది అక్క. పెనం పక్కన పెట్టి వచ్చింది.

"ఆ మాట దసరాకే చెప్పుంటే సాంబారు ఇన్నిమార్లు మార్చేదాన్ని గాదు గదయ్యా" అంది.

"ఎట్ట చెప్పేదమ్మా?"

"నిజమేలే. మర్రిపాటిలో విత్తనం చల్లే పూట నన్ను వెనక కొట్టంలో కూర్చోబెట్టేవాళ్ళు. ఈడ నేనే వచ్చి దారిలో కూర్చున్నాను."

ఇంట్లో ఈ సంగతి చెబితే అవ్వ మండిపడింది. "మీ తాత పోయినాక నలభై ఏండ్లు ఈ ఇంట్లో పొద్దున్నే పొయ్యి ముట్టించింది ఎవురు? నా మొకం చూసి ఎవురు చచ్చినారు?" అంది. నాయన, "నువ్వు ముసలిదానివి గదమ్మా" అన్నాడు. "ముసలిదాన్ని గాక ముందు?" అని అడిగింది అవ్వ.

కొట్టం ముందు నాయన కూర్చుంటాడని, అక్క కనిపించకుండా వెనక వండుతుందని అనుకున్నాం. నాయన తలపాగా చుట్టుకుని వారం రోజులు కూర్చున్నాడు. వచ్చినవాడు ముందు ఇడ్లీ వైపు చూసి, తరువాత వెనక తడికె వైపు చూసి, "వండిందెవురు పెద్దాయనా?" అని అడిగేవాడు. నాయన అబద్ధం చెప్పలేడు. వేరే చోటు చూద్దామని తాలూకా ఆఫీసు ముందు ఒక ఖాళీ జాగా అడిగాను. తోటి గుమాస్తా నన్ను పక్కకు పిలిచి, అర్జీ పట్టుకుని వచ్చేవాడు కూడా బయల్దేరి వచ్చేవాడే కదా అన్నాడు. బజారులో అడిగితే, పొద్దున్నే మా బోణీ ఏం కావాలన్నారు. మా ఊళ్ళో పొద్దున పూట ఏదో ఒక పని తలపెట్టి బయటికి రాని మనిషి లేడు. అక్క ఎదురుపడకుండా కూర్చోగలిగిన చోటు ఊరి మొత్తంలో ఒక్కటీ దొరకలేదు.

ఉగాదికి నెల ముందు అక్క ఆత్మకూరు పోదామంది. పూటకూళ్ళమ్మను అడిగి చూస్తానంది. ఆమె దగ్గర పనిలో చేరినా సరే, మర్రిపాడు తప్పితే చాలు. మేం పోయేసరికి పొద్దెక్కింది గాని ఆమె తలుపు ఇంకా మూసే ఉంది. అరుగు మీద కూర్చున్నాం. ఎండ సందులోకి దిగాక ఆమె తలుపు తీసి, అక్క చెప్పిందంతా విన్నది. వింటూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే ఉంది.

"నేను పొద్దున్నే తలుపు తియ్యను తల్లీ" అంది చివరికి. "ఊళ్ళో పనులన్నీ మొదలైనాక తీస్తాను. కోర్టులోకి పోయినోడు ఇవతలికొచ్చి, గెలిచినా ఓడినా, ఆకలేసి నా కాడికొస్తాడు. అప్పుడు వాడు నా మొకం చూడడు. నీకు ఆ మాట చెప్పలేదే నేను."

"నన్ను నీ కాడ పెట్టుకో. వెనకనే ఉంటాను."

ఆమె చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. తరువాత అక్క తల మీద చెయ్యి వేసింది. "ఈ సందులో నన్నొకదాన్ని ఓర్చుకుంటా ఉండారమ్మా. అది కూడా ముసలిదాన్నైనాక. ఇద్దరమైతే తలుపు మూయిస్తారు."

ఆ రోజు మా ఇద్దరికీ భోజనం పెట్టింది. చిక్కుడుకాయ కూర, మిరియాల చారు, గడ్డ పెరుగు. చారు చాలా బాగుందని డైరీలో ఉంది. అక్క ఎంత తిన్నదో రాయలేదు. గుర్తు లేదు.

ఇక ఆదివారం. భోజనాలయ్యాక అందరం నడవలో కూర్చున్నాం. పెద్ద బావ తాంబూలం వేసుకుని నాయన వైపు తిరిగాడు.

"ఉగాది పోయింది గదా మామా."

నాయన తల ఊపాడు.

"అక్క మా ఇంట్లో ఉంటుంది పెద్ద బావా" అన్నాను. నా భార్య కూడా తలుపు వెనక నుంచి, "ఉంటే మాకేం బరువు కాదు" అంది. అప్పటికి ఆమెకు ఆరో నెల.

"ఏం బామ్మర్దీ, మీ నాయన మాటిచ్చినప్పుడు నువ్వు ఈడనే ఉండావు గదా?" అన్నాడు పెద్ద బావ. గొంతులో కోపం లేదు. "నేనేమన్నా కసాయోణ్ణా? మా యమ్మ మంచాన పడింది. నోట్లో నీళ్ళు పోసే దిక్కు లేదు. మా ఆడమనిషి ఒక్కతే అటు పొలం చూస్తాదా, ఇటు ముసలామెను చూస్తాదా? మా ఇంటి కోడలు మా యమ్మను చూడకపోతే ఎవురు చూడాల?"

"అడిగే తీరు చూడు, గేదె కోసం వచ్చినట్టు" అంది అవ్వ.

"గేదెనైతే తోలుకుపోయి ఉందును గదవ్వా. మాటిచ్చినారని ఆరు నెలలు ఊరుకున్నాను."

నాయన నోరు విప్పితే విందామని చూశాను. ఆయన పంచె అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. అక్క ఎవరి మొహమూ చూడకుండా పెద్ద బావను అడిగింది.

"వస్తాను బావా. ఒకటడగతాను. వంట నేనే చేస్తాను, అత్తను నేనే చూసుకుంటాను. ఆ ఉప్పు జాడీ వంటింట్లో పెట్టనిస్తారా?"

ఆయన తాంబూలం నమలడం ఆపాడు. ఆయనకు ఆ జాడీ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండటమే ఆ ఇంట్లో ఆయన పని. గడప అవతల విడిచిన చెప్పుల వైపు చూస్తూ, "అది ఆడోళ్ళ సంగతి. నన్నడగబాక" అన్నాడు.

అక్క లేచి వంటింట్లోకి పోయింది. కొంచెం సేపటికి రుబ్బురోలు చప్పుడు వినిపించింది. మర్నాడు ఎవరికీ అమ్మేది లేకపోయినా, అలవాటు చొప్పున ఆ సాయంత్రం కూడా పిండి రుబ్బింది.

సోమవారం తెల్లవారకముందే లేచాం. ఆత్మకూరులో దిగి మర్రిపాడు బస్సు పట్టుకోవాలి. అక్క దారికని సజ్జ రొట్టెలు కాల్చింది. పెద్ద బావ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, వాకిట్లో నిలబడ్డాడు. నేను రొట్టెల మూట తెమ్మని అక్కను పిలవబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"చెల్లెమ్మా, నువ్వు తీసుకురా" అని నా భార్యను పిలిచాడు. "చెంబుతో మజ్జిగ కూడా తే. కడుపుతో ఉండేదానివి, నువ్వెదురొస్తే మంచిది."

నా భార్య నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె తీసుకుపోయి ఇచ్చింది. ఆయన ఆమె చేతి మజ్జిగ తాగి, అక్క కాల్చిన రొట్టెల మూట ఆమె చేతి నుంచి అందుకుని, నాతో మెల్లగా, "నేను ముందు పోతాను. ఆ బిడ్డను కొంచెం ఆగి పిల్చుకొని రా" అన్నాడు. మంచి మనిషి చెప్పే తీరులోనే చెప్పాడు. అక్క లోపల తలుపు పక్కన గుడ్డల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది. తరువాత లేచి, అవ్వ కాళ్ళకు దండం పెట్టి, నాతో నడిచింది. నాయన పడక మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

బస్సులో పెద్ద బావ ముందు వరసలో కూర్చున్నాడు. అక్కకు వెనక వరసలో, ఇద్దరు ఆడవాళ్ళ పక్కన చోటు దొరికింది. వాళ్ళు అక్కను చూసి కిటికీ వైపు జరిగారు. నేను కిందనుంచి మూట అందించాను.

"రుబ్బిన పిండి కుండలో ఉండాది రా" అంది అక్క. "ఎండలు గదా, మధ్యాహ్నానికి పులిసిపోతాది. తొందరగా పోసుకోండి. నీ పెండ్లానికి మెత్తగా ఉంటాయి, తినబెట్టు."

బస్సు కదిలింది. నేను ఇంటికి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది. కుండ మీది మూత తీసి చూశాను. పిండి అప్పటికే పొంగి, అంచు దాటి, నేల మీదికి కారుతున్నది. నా భార్య వండనంది. అవ్వ గేదె కుడితిలో పోయమంది. కుండ ఎత్తి తీసుకుపోయి కుడితి తొట్టిలో పోశాను. తరువాత స్నానం చేసి ఆఫీసుకు పోయాను.